ఆన్‌లైన్ ఆటిజం కాన్ఫరెన్స్‌కి రిజిస్టర్ అవ్వాలా వద్దా: డబ్బు కట్టేముందు ఇవన్నీ చూస్కోండి

మార్చి సగం దాటిందంటే చాలు, పేరెంట్స్ గ్రూపుల నిండా పోస్టర్లే. ఏప్రిల్ 2 ప్రపంచ ఆటిజం అవగాహన దినోత్సవం కదా, ఆ నెలంతా వెబినార్లు, సమ్మిట్లు, ఇంటర్నేషనల్ కాన్ఫరెన్సులు, అన్నీ జూమ్‌లోనే. ఆ వెనకాలే మెసేజ్‌లు మొదలవుతాయి, "ఇది మంచిదేనా అండీ, రిజిస్టర్ అవ్వమంటారా" అని. ఒకళ్ళకి పనికొచ్చింది ఇంకొకళ్ళకి రెండ్రోజుల దండగ అవుతుంది కాబట్టి అవును, కాదు అని ఒక్క మాటలో చెప్పలేను. ఎలా తేల్చుకోవాలో వరసగా రాస్తున్నా. ఈ వరసలోనే చేయండి, ఫీజు దగ్గర మొదలుపెట్టి వెనక్కి రాకండి.

## 1. పోస్టర్ పక్కన పెట్టి ముందు మీ ప్రశ్న రాస్కోండి

"ఆటిజం గురించి ఇంకా తెలుసుకోవాలి" అనేది ప్రశ్న కాదు. అలా కూర్చుంటే ఏ సెషనైనా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, సాయంత్రానికి తల నొప్పి తప్ప ఏం మిగలదు. ప్రశ్నలో వయసు ఉండాలి, సమస్య ఉండాలి, అది ఎక్కడ వస్తోందో ఉండాలి. ఇలా అన్నమాట:

- బాబుకి ఆరేళ్ళు, మాటలు లేవు, ట్యాబ్‌లో బొమ్మలు నొక్కి అడగడం ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి?
- పాపకి పదకొండు, పీరియడ్స్ రాకముందే ఎలా అర్థమయ్యేలా చెప్పాలి?
- అబ్బాయి ఇంటర్ అయిపోతోంది, తర్వాత ఏం పని నేర్పించొచ్చు, ఎవరు నేర్పిస్తారు?
- నాకే ముప్పై దాటాక డయాగ్నోసిస్ వచ్చింది, ఆఫీసులో చెప్పాలా వద్దా?

రాశాక ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి, దీనికి జవాబు చెప్పగల మనిషి ఆల్రెడీ మీ చుట్టుపక్కల ఉన్నారా? మీ స్పీచ్ థెరపిస్ట్‌ని సెషన్ తర్వాత ఓ పావుగంట కూర్చోబెట్టి అడిగితే తేలిపోయేదానికి కాన్ఫరెన్స్ ఎందుకు చెప్పండి. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువీకరణ), యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ హెల్త్ ఇన్సూరెన్స్ లాంటి వాటికి లండన్ నుంచో బోస్టన్ నుంచో మాట్లాడే ఎక్స్‌పర్ట్ ఏం చెప్పగలరు, మీ జిల్లాలో ఆ పని చేయించుకున్న ఇంకో అమ్మో నాన్నో నయం.

అలా ఎవరూ లేరు, మీ ఊళ్ళో ఆ సబ్జెక్ట్ తెలిసినవాళ్ళే లేరు అనుకుంటే, అప్పుడు రెండో స్టెప్‌కి రండి.

## 2. అది ఎవరి కోసం పెట్టిన కాన్ఫరెన్సో తేల్చుకోండి

అన్నిటికీ పేరు "ఆటిజం కాన్ఫరెన్స్" అనే ఉంటుంది, లోపల సరుకు వేరు.

రీసెర్చ్ వాళ్ళది. ఇన్సార్ అని అంతర్జాతీయ ఆటిజం పరిశోధకుల సంఘం ఏటా పెట్టే మీటింగ్ ఉంది, కోవిడ్ వల్ల 2021లో మొత్తం ఆన్‌లైన్‌లోనే జరిగింది. అక్కడ కొత్త స్టడీలు, శాంపిల్ సైజులు, గ్రాఫులు. చదువుకునేవాళ్ళకి, డాక్టర్లకి పండగే. మీ బాబు రేపు స్కూల్ బస్సు ఎక్కనని ఏడిస్తే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు, చెప్పడం వాళ్ళ పని కూడా కాదు.

ప్రొఫెషనల్స్‌ది. స్పెషల్ ఎడ్యుకేటర్లు, సైకాలజిస్టులు, స్పీచ్ వాళ్ళు రిజిస్ట్రేషన్ రెన్యూవల్ కోసం సీఆర్ఈ పాయింట్లు (వృత్తిలో చదువు కొనసాగిస్తున్నారనే లెక్క) తెచ్చుకోవాలి, దానికి పెట్టేవి. మీరు ఆ ఫీల్డ్‌లో ఉంటే చూడాల్సింది ఒక్కటే, పోస్టర్ మీద "సర్టిఫికెట్ ఇస్తాం" అని ఉందా, లేక రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అప్రూవల్ ఉందా. రెండూ ఒకటి కాదు. అప్రూవల్ లెటర్ అడగండి, ఉన్నవాళ్ళు వెంటనే పంపిస్తారు.

తల్లిదండ్రుల కోసం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న ఎన్ఐఈపీఐడీ (మేధో వైకల్యాల మీద పనిచేసే జాతీయ సంస్థ), ఢిల్లీలో 1991 నుంచి పనిచేస్తున్న యాక్షన్ ఫర్ ఆటిజం లాంటి సంస్థలు పెట్టేవి ఈ కోవలోవి. మన స్కూళ్ళు, మన ఇళ్ళు, మన సర్టిఫికెట్లు తెలిసినవాళ్ళు మాట్లాడతారు కాబట్టి ఎక్కువమందికి ముందు ఇవే చూడమంటాను.

ఆటిస్టిక్ మనుషులే నడిపేవి. బ్రిటన్‌లో 2005 నుంచి ఆట్‌స్కేప్ అని ఒకటి ఉంది, పూర్తిగా ఆటిస్టిక్ పెద్దవాళ్ళు వాళ్ళకి తగ్గట్టు పెట్టుకున్నది, ఆన్‌లైన్‌లో కూడా జరిపారు. ఇలాంటిచోట్ల పేరెంట్‌గా మీరు గెస్ట్. వినడానికి వెళ్ళండి, మీ పిల్లాడి గురించి సలహాలు అడగడానికి కాదు. నా మటుకు నాకు పేరెంట్స్ ఒక్కసారైనా ఇలాంటిది వినాలి అనిపిస్తుంది, చెవులెందుకు మూసుకుంటారో మూసుకున్నవాళ్ళే చెప్తే ఉండే తేడా వేరు.

అమ్మకం కోసం. పేరు సమ్మిట్, పని సేల్స్. దీని గురించి నాలుగో స్టెప్‌లో.

## 3. పోస్టర్ కాదు, ప్రోగ్రామ్ షీట్ చదవండి

అసలు నిర్ణయం ఇక్కడే జరుగుతుంది, అరగంట పెట్టాల్సింది కూడా ఇక్కడే. ప్రోగ్రామ్ షీట్ ఇంకా రిలీజ్ కాలేదు, ఎర్లీ బర్డ్ మాత్రం ఎల్లుండితో అయిపోతుంది అంటున్నారా? ఆగండి. ఏం చెప్తారో తెలియకుండా కట్టే డబ్బుకి డిస్కౌంట్ ఏంటి.

మొదట టైమ్ భాగించండి. పోస్టర్ మీద ఇరవై రెండు ఫొటోలున్నాయి అనుకోండి, పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా, అంటే 420 నిమిషాలు. లంచ్‌కి ముప్పావుగంట తీసేయండి. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి సందేశం, చివర్లో వందన సమర్పణ కలిపి ఇంకో ముప్పావుగంట (ఆన్‌లైన్‌లో కూడా జ్యోతి ప్రజ్వలన వీడియో వేస్తారు, నవ్వకండి, నిజం). మిగిలింది 330 నిమిషాలు, మనిషికి పదిహేను. అందులో "అందరికీ వినిపిస్తోందా, స్లైడ్ కనిపిస్తోందా" కే రెండు నిమిషాలు పోతుంది. పదిహేను నిమిషాల్లో ఎంత గొప్పవాళ్ళైనా పరిచయం చెప్తారు తప్ప పద్ధతి చెప్పలేరు. ఆరుగురు స్పీకర్లే ఉండి తలో యాభై నిమిషాలు ఉన్న ప్రోగ్రామ్ పోస్టర్ మీద వెలవెలబోతుంది గానీ మీ పని అయ్యేది అక్కడే.

తర్వాత టైటిల్స్ చూడండి. రెండు టైటిల్స్ పక్కపక్కన పెడతాను:

"ఆటిజంలో సెన్సరీ సమస్యలు: ఒక సమగ్ర దృక్పథం"

"బడి గంట మోగితే చెవులు మూసుకునే పిల్లల కోసం క్లాస్‌రూమ్‌లో టీచర్ చేయగల మార్పులు"

మొదటిదాంట్లో ఏం చెప్తారో స్పీకర్‌కి కూడా ఇంకా తెలిసి ఉండదు. రెండోదాన్ని రాసినవాళ్ళు అలాంటి పిల్లల్ని చూసినవాళ్ళు. టైటిల్ కింద నాలుగైదు లైన్ల సారాంశం ఉంటే ఇంకా మంచిది. మీ ప్రశ్న కాగితం పక్కన పెట్టుకుని సెషన్ సెషన్‌కీ టిక్ పెట్టండి. ఒక్క టిక్ కూడా పడకపోతే పని అయిపోయింది, మిగతా స్టెప్స్ అక్కర్లేదు. ఒకటో రెండో పడితే ఆ రెండు సెషన్లకే వెళ్ళొచ్చా, రోజుకి విడిగా పాస్ ఉందా అడగండి. రోజంతా కూర్చోవాలని రూలేం లేదు.

మాట్లాడేవాళ్ళని వెతకండి. పేరు పక్కన "ఇంటర్నేషనల్ ఆటిజం కోచ్" అని ఉంటే అది డిగ్రీ కాదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. మన దేశంలో స్పెషల్ ఎడ్యుకేటర్, క్లినికల్ సైకాలజిస్ట్, స్పీచ్ పాథాలజిస్ట్ లాంటివాళ్ళకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది, డాక్టర్లకి మెడికల్ కౌన్సిల్ నంబర్ ఉంటుంది. అడిగితే తప్పేం కాదు.

ఆటిస్టిక్ స్పీకర్లు ఉన్నారా, ఉంటే ఎక్కడ పెట్టారు? పొద్దున మెయిన్ సెషన్‌లో యాభై నిమిషాలు ఇచ్చారంటే ఆ ఆర్గనైజర్లకి విషయం తెలుసు. సాయంత్రం "స్ఫూర్తి గాథలు" అని ఐదు నిమిషాలు పాట పాడించి వదిలేశారంటే అది వేరే రకం. ఒక్క ఆటిస్టిక్ మనిషి కూడా లేకపోతే వెంటనే కొట్టేయమని అనను, కానీ ఒక మార్కు తీసేస్తాను.

ప్రశ్నలకి టైమ్ ఉందా? విడిగా రాసి ఉండాలి, "ప్రశ్నోత్తరాలు 15 నిమిషాలు" అని. లేకపోతే అది లైవ్‌లో చూసినా తర్వాత రికార్డింగ్ చూసినా ఒకటే.

భాష సంగతి. ఇంగ్లీష్ బాగానే వచ్చినవాళ్ళకి కూడా స్కాటిష్ యాసో ఆస్ట్రేలియన్ యాసో స్పీడ్‌గా వస్తుంటే గంట తర్వాత బుర్ర పనిచేయదు. లైవ్ క్యాప్షన్స్ (మాటలు అక్షరాల్లో స్క్రీన్ మీద రావడం) ఉంటాయా అని మెయిల్ పెట్టండి. ఆ స్పీకర్ పాత వీడియో ఏదైనా యూట్యూబ్‌లో దొరికితే పది నిమిషాలు విని చూడండి, మీకు ఎక్కుతోందా లేదా అక్కడే తెలిసిపోతుంది.

చెక్‌లిస్ట్:
- [ ] ప్రోగ్రామ్ షీట్ చేతిలో ఉంది
- [ ] నా ప్రశ్నకి టిక్ పడిన సెషన్ కనీసం ఒకటుంది
- [ ] ఆ సెషన్ అరగంట పైనే ఉంది
- [ ] ఆ స్పీకర్ ఎవరో, ఏం చదివారో, ఎక్కడ పనిచేస్తారో తెలిసింది
- [ ] ప్రశ్నలకి టైమ్ ఉంది

## 4. ఈ మాటలు కనిపిస్తే పేజీ మూసేసి బయటికొచ్చేయండి

ఇక్కడ మొహమాటం అక్కర్లేదు. "ఆటిజం క్యూర్", "90 రోజుల్లో రికవరీ", "డయాగ్నోసిస్ రివర్స్ చేశాం" అన్న మాట ఒక్కచోట కనిపించినా ఆ ట్యాబ్ మూసేయండి.

స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కించడం. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళ 2017 స్టెమ్ సెల్ గైడ్‌లైన్స్ ప్రకారం రక్త సంబంధమైన కొన్ని జబ్బులకి చేసే మార్పిడి తప్ప మిగతావన్నీ ప్రయోగ దశలోవే, క్లినికల్ ట్రయల్‌లో తప్ప ఇవ్వకూడదు. నేషనల్ మెడికల్ కమిషన్‌లోని ఎథిక్స్ బోర్డు కూడా 2022లో ఆటిజంకి స్టెమ్ సెల్ ట్రీట్‌మెంట్‌ని సిఫార్సు చేయడం లేదని, దాన్ని ప్రచారం చేయడం వృత్తిపరమైన తప్పు అవుతుందని చెప్పింది. అయినా లక్షల్లో ప్యాకేజీలు.

కీలేషన్ (ఒంట్లోంచి లోహాలు తీసేస్తామని ఇచ్చే మందులు), హైపర్‌బారిక్ ఆక్సిజన్ (ఎక్కువ ప్రెషర్ గదిలో ఆక్సిజన్ పీల్పించడం), ఎమ్ఎమ్ఎస్ ("మిరకిల్" అని అమ్మే ద్రావణం). ఆటిజం పేరుతో వీటిని అమ్మడం మీద అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ హెచ్చరికలు ఇచ్చింది. ఎమ్ఎమ్ఎస్ అంటే కలిపాక తయారయ్యేది క్లోరిన్ డయాక్సైడ్, బట్టలకి వాడే బ్లీచ్ లాంటిది, దాన్ని పిల్లలకి తాగించమని చెప్పినవాళ్ళు కాన్ఫరెన్స్ స్టేజీలెక్కే మాట్లాడారు. స్టేజీ ఎక్కారంటే నిజమే అయ్యుంటుంది అనుకోకండి, అందుకే చెప్తున్నా.

వ్యాక్సిన్ల వల్లే ఆటిజం. ఈ మాటకి మూలమైన 1998 నాటి పేపర్‌ని దాన్ని అచ్చేసిన లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. ఇంకా అదే చెప్పే స్పీకర్ ఉన్నారంటే ఆర్గనైజర్లు ఎవర్నీ వడపోయలేదని అర్థం, అప్పుడు మిగతా సెషన్లనీ నమ్మలేం.

ఇంకోటి, సెషన్ అంతా మామూలుగానే ఉండి చివర్లో తిరగడం. ఇలా జరుగుతుంది: గంటసేపు గట్ హెల్త్ (పేగుల ఆరోగ్యం) గురించి మెత్తగా చెప్తారు, మధ్యలో ఒక అమ్మ ఏడుస్తూ మాట్లాడే వీడియో, చివరి ఐదు నిమిషాల్లో చాట్‌లో లింక్ పడుతుంది, "మొదటి ఇరవై మంది పేరెంట్స్‌కి మాత్రమే, ఈ రాత్రి పన్నెండు లోపు", దాని కింద వరసగా "జాయిన్డ్", "జాయిన్డ్ మేడమ్, థ్యాంక్యూ" అని మెసేజ్‌లు. అప్పుడు మీ వేలు ఆ లింక్ దగ్గర ఉంటుంది, ఎందుకంటే పొద్దున్నే ఇంట్లో ఒక మెల్ట్‌డౌన్ (పిల్లాడు తట్టుకోలేక అదుపు తప్పి ఏడవడం) అయ్యుంటుంది, మనసు అలాగే ఉంటుంది. ఇంట్లో ముందే రూల్ పెట్టుకోండి, ఏ వెబినార్‌లో అయినా ఆ రోజు డబ్బు కట్టేది లేదు. నిజంగా పనికొచ్చేదైతే మూడ్రోజుల తర్వాత కూడా ఉంటుంది.

స్పాన్సర్ల పేజీ కూడా చూడండి. స్పాన్సర్లు ఉండటం తప్పు కాదు, ఖర్చులుంటాయి. మెయిన్ స్పాన్సర్ క్లినిక్, మెయిన్ స్పీకర్ ఆ క్లినిక్ ఓనరే అయితే మాత్రం అది ప్రకటన.

## 5. టైమ్ లెక్క సరిగా వేయండి

పొరపాట్లు ఎక్కువ జరిగేది ఇక్కడే. వాళ్ళ ఊళ్ళో పొద్దున పది అని రాస్తారు, మనం చూస్కోం.

వేసవిలో (ఏప్రిల్ నుంచి అక్టోబర్ చివరి దాకా అనుకోండి) లెక్క ఇది. లండన్‌లో పొద్దున 9:30 అంటే మనకి మధ్యాహ్నం 2 గంటలు, హాయి. న్యూయార్క్, న్యూజెర్సీ వైపు పొద్దున 10 అంటే మనకి రాత్రి 7:30, సరిగ్గా పిల్లల అన్నం టైమ్. డల్లాస్ పొద్దున 10 మనకి రాత్రి 8:30. కాలిఫోర్నియా పొద్దున 10 మనకి రాత్రి 10:30, సాయంత్రం సెషన్లైతే మన తెల్లవారుజామే. చలికాలంలో ఇవన్నీ మనకి ఇంకో గంట ఆలస్యంగా పడతాయి. వాళ్ళు గడియారాలు మార్చే తేదీలు కూడా వేరు, అమెరికాలో మార్చి రెండో ఆదివారం, బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం, ఆ మధ్యలో పడే మీటింగ్ అయితే రెండుసార్లు చెక్ చేయండి.

అమెరికాలో ఉండి మన ఎన్ఐఈపీఐడీ వాళ్ళ ప్రోగ్రామో, హైదరాబాద్ థెరపిస్టుల సెషనో తెలుగులో వినాలనుకునేవాళ్ళకి ఇదే లెక్క తిరగబడుతుంది, ఇక్కడ పొద్దున పది అంటే వేసవిలో న్యూజెర్సీలో అర్ధరాత్రి పన్నెండున్నర.

"రికార్డింగ్ ఉంది కదా, తర్వాత చూస్తా" అనే మాట గురించి ఒకటి చెప్పాలి. చూడరు. పోయినసారి కట్టిన కోర్సు రికార్డింగ్‌లు ఎన్ని చూశారో గుర్తు తెచ్చుకోండి చాలు. రికార్డింగ్ కోసమే కడుతుంటే రెండు విషయాలు ముందే తెలుసుకోండి: ఎన్ని రోజులు ఉంటుంది, ఏ సెషన్ ఏ నిమిషంలో ఉందో విడగొట్టి ఇస్తారా లేక ఏడు గంటల ఫైల్ ఒకటే ఇస్తారా. తర్వాత క్యాలెండర్‌లో చూసే రోజు, గంట కూడా ఇప్పుడే పెట్టుకోండి. పెట్టుకోలేకపోతే కట్టొద్దు.

## 6. డబ్బు: ఫీజు ఒక్కటే కాదు

ఫీజు పక్కన ఇవి కూడా కలపండి: డాలర్లలో, పౌండ్లలో కడితే బ్యాంక్ వేసే ఫారెక్స్ మార్కప్, దాని మీద జీఎస్టీ, సర్టిఫికెట్‌కి విడిగా ఛార్జీ ఉంటే అది, ఆ టైమ్‌కి మిస్సయ్యే థెరపీ సెషన్ డబ్బు, ఆఫీస్ లీవ్.

కార్డు ఫెయిల్ అవుతోందని చాలామంది అడుగుతారు. మన కార్డుల్లో ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్లు మామూలుగా ఆఫ్‌లోనే ఉంటాయి, బ్యాంక్ యాప్‌లోకి వెళ్ళి ఆన్ చేసి లిమిట్ తక్కువ పెట్టి, కట్టాక మళ్ళీ ఆఫ్ చేసేయండి.

పెద్ద ఫీజు చూసి వెంటనే వెనక్కి పోకండి. చాలా అంతర్జాతీయ కాన్ఫరెన్సుల్లో తక్కువ ఆదాయ దేశాలవాళ్ళకి, స్టూడెంట్స్‌కి, ఆటిస్టిక్ మనుషులకి, కుటుంబాలకి వేరే రేటు ఉంటుంది, ఫారమ్‌లో కింద ఎక్కడో ఉంటుంది. లేకపోతే మెయిల్ పెట్టండి, నాలుగు లైన్లు చాలు: ఎవరు మీరు, ఏ దేశం, ఏ ఒక్క సెషన్ కోసం వస్తున్నారు, ఎంత కట్టగలరు. కష్టాలన్నీ రాయక్కర్లేదు, పిల్లాడి రిపోర్టులు అసలు పంపొద్దు. సెషన్ పేరు రాయడం వల్ల మీరు నిజంగా ప్రోగ్రామ్ చదివారని తెలుస్తుంది, అలాంటి మెయిల్‌కి జవాబు వచ్చే ఛాన్స్ ఎక్కువ.

లోకల్‌గా పెట్టేవాటిలో ఎవరో ఒక్క మనిషి పర్సనల్ ఫోన్‌పే నంబర్‌కి పంపమంటే సంస్థ పేరు మీద అకౌంట్, రసీదు అడగండి. రిఫండ్ రూల్ కూడా చదవండి, మన పిల్లలతో చివరి నిమిషంలో క్యాన్సిల్ అవ్వడం మామూలే కదా.

## 7. ఇంట్లో ఆ టైమ్ ఎవరు చూస్కుంటారు?

ఇది తేలకుండా రిజిస్టర్ అవ్వకండి, నిజంగా. "ఇంట్లోనే కదా, పక్కన ఆడుకుంటాడులే" అనుకుంటాం. స్పీకర్ అసలు పాయింట్‌కి వచ్చే టైమ్‌కే వాడొచ్చి ల్యాప్‌టాప్ మూసేస్తాడు, లేదా స్క్రీన్ మీద కదిలే క్యాప్షన్ లైన్‌కి అతుక్కుపోయి వదలడు.

ఇంట్లోవాళ్ళకి "శనివారం నాకు కాన్ఫరెన్స్ ఉంది" అని చెప్తే సరిపోదు. ఇలా చెప్పాలి: "అత్తయ్యా, శనివారం రెండింటి నుంచి మూడున్నర దాకా బాబుని మీరు చూస్కోవాలి. మూడింటికి పెరుగన్నం, నీలం గిన్నెలోనే. వాడు నా గది తలుపు కొట్టినా నేను రాను, మీరే కిందకి ఉయ్యాల దగ్గరికి తీస్కెళ్ళండి." టైమ్, తిండి, ఏడిస్తే ఏం చేయాలి, మూడూ చెప్పాలి. పిల్లాడికి కూడా ముందే చెప్పండి, రోజూ వాడే బొమ్మల షెడ్యూల్ ఉంటే అందులో "అమ్మ మీటింగ్" అని ఒక బొమ్మ పెట్టండి, అయిపోయాక ఏం వస్తుందో దాని పక్కనే పెట్టండి.

ఇద్దరూ వినాలనుకుంటే ఇద్దరూ కట్టొద్దు. ఒకళ్ళు లైవ్ వినండి, ఇంకొకళ్ళు పిల్లల్ని చూడండి, రాత్రి పది నిమిషాలు చెప్పుకోండి. ఇంకొకళ్ళకి చెప్పాలి అనుకుంటూ వింటే శ్రద్ధ కూడా పెరుగుతుంది.

నెట్ సంగతి: వీడియో మీటింగ్ గంటకి ఒక జీబీ దాకా లాగేయొచ్చు, రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్‌తో రోజంతా అవ్వదు. ఫోన్‌లో స్లైడ్స్ మీద అక్షరాలు కనబడవు, ల్యాప్‌టాప్ లేకపోతే ఫోన్‌ని టీవీకి కలుపుకోండి.

## 8. మీరే ఆటిస్టిక్ అయితే ఇవి అదనంగా అడగండి

కాన్ఫరెన్స్ ఆటిజం గురించే అయినా ఆటిస్టిక్ మనుషులకి వీలుగా ఉంటుందని గ్యారంటీ లేదు. పెద్ద సౌండ్‌తో ఇంట్రో వీడియోలు, మెరిసే స్లైడ్లు, ఒక్కసారిగా బ్రేక్‌ఔట్ రూమ్‌లోకి (కొందరినే విడగొట్టి కూర్చోబెట్టే చిన్న గ్రూపులోకి) తోసేయడం, అన్నీ ఉంటాయి.

ఆర్గనైజర్లకి మెయిల్‌లో అడగాల్సినవి:
- [ ] జూమ్ వెబినారా, మీటింగా? వెబినార్ అయితే మీ మొహం, మైక్ ఎవరికీ కనబడవు వినబడవు, మీటింగ్ అయితే కనబడొచ్చు
- [ ] కెమెరా ఆఫ్‌లో ఉంచొచ్చా, అటెండెన్స్‌కి ఆన్ చేయాలని రూల్ ఉందా?
- [ ] ప్రశ్న టైప్ చేసి అడగొచ్చా?
- [ ] బ్రేక్‌ఔట్ రూమ్స్ ఉంటే ముందే చెప్తారా, వెళ్ళకుండా ఉండొచ్చా?
- [ ] స్లైడ్లు ముందు రోజే ఇస్తారా?
- [ ] సెషన్ల మధ్య కనీసం పావుగంట గ్యాప్ ఉందా?

జవాబు ఎలా వచ్చింది అన్నదే సగం సమాచారం. ఒక్కో ప్రశ్నకి ఒక్కో లైన్‌లో క్లియర్‌గా రాసి పంపితే వెళ్ళండి. "డోంట్ వర్రీ, ఇట్ విల్ బీ ఫన్" అని వస్తే ఆలోచించుకోండి.

ఆటిస్టిక్ వాళ్ళు నడిపే మీటింగుల్లో రంగుల బ్యాడ్జీల పద్ధతి ఉంది, ఎరుపు అంటే ఎవరూ నన్ను పలకరించొద్దు, పసుపు అంటే నాకు తెలిసినవాళ్ళే, ఆకుపచ్చ అంటే మాట్లాడండి అని. ఆన్‌లైన్‌లో కూడా పేరు పక్కన చిన్నగా "చాట్ మాత్రమే" అని రాస్కోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. మీ మొహం మీకే కనబడి ఇబ్బందైతే సెల్ఫ్ వ్యూ దాచేసే ఆప్షన్ ఉంది. మర్నాడు ఏం పని పెట్టుకోవద్దు, ఆ రోజుని కూడా కాన్ఫరెన్స్ ఖర్చులోనే వేయండి.

పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వినే పేరెంట్స్‌కి ఒక మాట. వాళ్ళ గురించి "భారం", "బాధితులు" అని మాట్లాడే సెషన్లు ఇప్పటికీ ఉన్నాయి. మాటలు రాని పిల్లలకి వినబడటం లేదని కాదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

## 9. మాట్లాడమని మిమ్మల్నే పిలిస్తే

"పేరెంట్ ప్యానెల్‌లో మీ జర్నీ చెప్పండి" అని పిలుపొస్తే సంతోషంగానే ఉంటుంది. ఒప్పుకునే ముందు ఇవి అడగండి: రికార్డింగ్ ఎక్కడ పెడతారు, యూట్యూబ్‌లోనా రిజిస్టర్ అయినవాళ్ళకేనా, తర్వాత తీసేయమంటే తీసేస్తారా, ప్రశ్నలు ముందే ఇస్తారా, మిగతా స్పీకర్లకి డబ్బిస్తుంటే మీకెందుకు ఇవ్వరు.

అన్నిటికన్నా పెద్దది, మీరు చెప్పేది మీ కథా మీ పిల్లాడి కథా? డైపర్ల గురించి, కొట్టుకోవడం గురించి, ఏడ్చిన వీడియో గురించి మీరు ఇవాళ చెప్తే పదేళ్ళ తర్వాత వాడి క్లాస్‌మేట్ వెతికితే దొరుకుతుంది. మీరేం నేర్చుకున్నారో చెప్పండి, స్కూల్‌తో ఎలా మాట్లాడారో చెప్పండి. వాడి పేరు, ఫొటో, స్కూల్ పేరు వద్దు. చాట్‌లో ప్రశ్న అడిగేటప్పుడూ ఇదే రూల్.

పరిశోధకులకి, స్టూడెంట్స్‌కి ఫీజు కోసమే కాన్ఫరెన్సులు పెట్టేవాళ్ళ నుంచి వచ్చే "డియర్ ఎమినెంట్ ప్రొఫెసర్" మెయిళ్ళ సంగతి వేరే. ఆటిజంతో పాటు డెంటిస్ట్రీ, నానో టెక్నాలజీ అన్నీ ఒకే సంస్థ పెడుతుంటే, పేపర్ పంపిన రాత్రే యాక్సెప్ట్ అయ్యి ఫీజు లింక్ వస్తే డిలీట్ కొట్టండి.

## 10. ఇప్పుడు తేల్చండి

- [ ] ప్రశ్న రాశాను, దానికి జవాబు చుట్టుపక్కల దొరకదు
- [ ] ఆ ప్రశ్నకి సరిపోయే సెషన్ ఉంది
- [ ] క్యూర్ మాటలు, ప్యాకేజీ అమ్మకాలు లేవు
- [ ] మన టైమ్‌లో అది ఎప్పుడో తెలుసు, మేలుకుని ఉండగలను
- [ ] మొత్తం ఖర్చు పోయినా ఈ నెల థెరపీకి ఇబ్బంది లేదు
- [ ] పిల్లల్ని ఎవరు చూస్తారో మాట అయిపోయింది
- [ ] తర్వాతి వారంలో విన్నది ఇంట్లో ట్రై చేయడానికి ఓ గంట ఉంది

మొదటి మూడింటిలో ఏ ఒక్కటి "లేదు" అయినా వద్దు. మిగతావాటిలో ఒకటి తగ్గితే సర్దుకోవచ్చేమో చూడండి, రెండు తగ్గితే ఈసారికి వదిలేయండి.

కట్టేశారా, అయితే ముందు రోజే లింక్ ఓపెన్ చేసి చూడండి, ఆఖరి నిమిషంలో యాప్ అప్‌డేట్ అడుగుతుంది. మీ ప్రశ్న ముందే టైప్ చేసి నోట్స్‌లో పెట్టుకోండి, ప్రశ్నల టైమ్ రాగానే పేస్ట్ చేయడమే, రెండు లైన్లు దాటొద్దు. నోట్స్‌లో మూడు విషయాల కంటే ఎక్కువ రాయకండి, ఆ మూడింట్లో ఒక్కటే ఎంచుకుని మీ థెరపిస్ట్‌కి చూపించి రెండు వారాలు ట్రై చేయండి. సోమవారం పొద్దున్నే పిల్లాడి రొటీన్ మొత్తం మార్చేయడం అన్నది కాన్ఫరెన్స్ నుంచి వచ్చినవాళ్ళందరూ చేసే పని, పిల్లలకి అది నచ్చదు.

## 11. వద్దనుకుంటే ఆ టైమ్‌లో ఇవి చేయొచ్చు

రెండు నుంచి తొమ్మిదేళ్ళ మధ్య పిల్లలున్నవాళ్ళకి డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళు తల్లిదండ్రుల కోసమే తయారుచేసిన కేర్‌గివర్ స్కిల్స్ ట్రైనింగ్ ఉంది, దాని ఆన్‌లైన్ వెర్షన్ ఉచితం. ఆటలోకి పిల్లల్ని ఎలా తెచ్చుకోవాలి, రోజువారీ పనుల్లో మాట ఎలా కలపాలి లాంటివి. చాలామందికి కాన్ఫరెన్స్ కంటే ఇదే ముందు కావాలి.

టిక్ పడిన ఒక్క సెషన్ స్పీకర్‌కి నేరుగా మెయిల్ పెట్టి స్లైడ్లు అడగొచ్చు, ఇచ్చేవాళ్ళు ఉన్నారు. గ్రూపులో నలుగురు కలిసి ఒక్క గంటకి మంచి స్పెషలిస్ట్‌ని ఆన్‌లైన్‌లో పిలిపించుకుని మీ ప్రశ్నలే అడగొచ్చు, ఫీజు పంచుకుంటే కాన్ఫరెన్స్ కంటే తక్కువే పడొచ్చు. మీ మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఉంటే ఒకసారి వెళ్ళి అక్కడి టీచర్‌తో మాట్లాడి రావచ్చు.

పోస్టర్ పంపిన అక్కకి ఏం చెప్పాలా అని మొహమాటపడేవాళ్ళు ఈ లైన్ కాపీ చేస్కోండి: "ప్రోగ్రామ్ మొత్తం చూశానక్కా, మా వాడి వయసుకి సరిపోయే సెషన్ ఈసారి లేదు, టీనేజ్ పిల్లల మీద ఏదైనా వస్తే తప్పకుండా పంపించు."